మీ చరిత్రలో పాట యాడుంది?

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

మీ వీధి భజన బృందం చరిత్ర అందింది. రెండుసార్లు చదివాను. అధ్యక్షులెవరు, హార్మోనియం ఎవరు కొనిచ్చారు, ఏ సంవత్సరం తిరుమల కొండమీద పాడారు, అన్నీ రాశావు. పాట మాత్రం కనపడలేదు తల్లీ.

కోప్పడుతున్నానని అనుకోకు. ఈ తప్పు నీకంటే ముందు నేనే చేశాను. ముప్పై ఏళ్ల కిందట ఒక భజన మండలి సావనీరు రాసే పని నెత్తినేసుకున్నాను. సన్మానాలు, విరాళాలు, ఫోటోలతో నింపేశాను. అచ్చయి వచ్చాక, తాళాలు వాయించే పెద్దాయన అటూ ఇటూ తిరగేసి "ఇందులో మేం పాడింది యాడుంది సామీ?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

అన్నమయ్య 32 వేల కీర్తనలు రాశాడంటారు. రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో దాచబట్టి 14 వేలకు అటూ ఇటూగా మనకు దక్కాయి. ఆ రేకుల్లో సాహిత్యముంది, రాగం పేరుంది. ఎలా పాడేవాళ్లో లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి సంగీత పండితులు కూర్చుని మళ్లీ స్వరపరచాల్సి వచ్చింది. రాగిమీద చెక్కిన పాటకే వరస పోతే, మీ శనివారం పాటల గతేమిటో ఆలోచించు.

అందుకే అధ్యక్షుల సంగతి ఒక పేరాలో తేల్చెయ్. ఆడవాళ్లు బృందంలో చేరారని ఒక్క వాక్యంలో దాటేశావే, అక్కడ ఆగు. అంతవరకు మగవాళ్లు ఒకటిన్నర శ్రుతిలో, అంటే కింది స్థాయిలో, హాయిగా పాడుకుంటూ ఉండుంటారు. ఆడవాళ్లకు పై స్థాయి, ఐదు శ్రుతి కావాలి. హార్మోనియంలో మెట్టు మారిస్తే సరిపోతుంది, మృదంగం అలా కుదరదు, ఆ శ్రుతికి ఇంకోటి కొనాలి. కొన్నారా? డబ్బులెవరు వేసుకున్నారు? లేక ఆడవాళ్లే గొంతు దించుకుని సర్దుకుపోయారా? మీ అమ్మనడుగు, మీ పెదనాన్ననూ అడుగు. ఇద్దరూ ఒకే మాట చెప్పరు. రెండూ రాయి.

హార్మోనియం అంటే గుర్తొచ్చింది. 1940లో రేడియోవాళ్లు దాన్ని వద్దని బయటపెట్టారు, ముప్పై ఏళ్లదాకా మళ్లీ రానివ్వలేదు. మన భజన గుళ్లలో దాన్ని ఆపినవాళ్లెవరూ లేరు. ఇలాంటివి రెండు ముక్కల్లో చెప్పు చాలు, పాండిత్యం చూపించొద్దు.

చూసింది రాయి. మృదంగం ఆయన రాగానే ఏం చేస్తాడు? తడిపిన బొంబాయిరవ్వ ముద్దను ఎడమ మూతికి అద్ది, బొటనవేలితో ఒత్తి, ఒక దెబ్బ వేసి చెవి పెడతాడు. ఇంకాస్త అద్దుతాడు. ఆ రవ్వ ఎవరింటి నుంచి వచ్చేదో కనుక్కో. సావనీరులో ఆ ఇల్లాలి పేరు ఏ పేజీలోనూ ఉండదు.

మైకు వచ్చాక ఏం మారిందో కూడా అడుగు. మా వీధిలో ఒక ధనుర్మాసం రాత్రి కరెంటు పోయింది. మైకు మూగబోయేసరికి అందరూ చాపమీద జరిగి జరిగి హార్మోనియం చుట్టూ చేరారు. అప్పటిదాకా వెనక గోడకానుకుని పెదాలు కదిపే ముసలాయన పల్లవి ఎత్తుకున్నాడు. అంత గొంతు ఆయనకుందని పదేళ్లుగా మాకు తెలీదు. కరెంటు వచ్చాక మైకు పెట్టబోతే ఎవరో చెయ్యి పట్టుకుని ఆపారు.

ఇంకో పని. మీ బృందం పాటల నోటుబుక్కు, అట్ట ఊడిపోయి నూనె మరకలతో ఉండేది, నువ్వు పాటల కోసమే చూసుంటావు. ఈసారి పక్కన పెన్సిల్‌తో గీకిన రాతలు చూడు. "ఐదు", "మెల్లగా", "ఫలానా సినిమా పాట వరస" అని ఉంటాయి. ఆ పేజీలు జిరాక్స్ తీయించి నాక్కూడా ఒక కాపీ పంపు. పెన్సిల్ రాతలు సరిగా పడకపోతే ఫోటోలు తీసి పంపినా ఫర్వాలేదు.

మీ మామయ్య