ధ్రువ సముద్రాల్లో జీవపదార్థం ఏడాదంతా ఒకే తీరున అడుక్కి దిగుతుందా?

మీరు అడిగినవి రెండు: ధ్రువ సముద్రాల్లో పైనుంచి అడుక్కి జారే జీవపదార్థం ఏడాదంతా ఒకేలా పడుతుందా, చీకటి నెలల్లో అడుగున బతికేవి ఏం తింటాయి. చెన్నైలో ఒక ల్యాబ్‌లో నాలుగేళ్లు సెడిమెంట్ ట్రాప్ నమూనాల మీద పనిచేశాను కాబట్టి చూసింది చెబుతాను.

ట్రాప్ అంటే పైనుంచి రాలి పడేదాన్ని పట్టే పెద్ద గరాటు. కింద బరువు, పైన తేలే బంతులు కట్టి తాడు మీద సముద్రంలో నిలబెడతారు. గరాటు కింద చక్రం మీద ఇరవై దాకా సీసాలు ఉంటాయి. ముందే పెట్టిన తేదీకి ఒకటి పక్కకి జరిగి ఇంకోటి వస్తుంది. పడింది కుళ్లిపోకుండా సీసాల్లో ముందే ఫార్మలిన్ పోస్తారు.

ఒకసారి ఆర్కిటిక్ ఫ్యోర్డ్‌లో (కొండల మధ్య నేలలోకి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయలో) ఏడాదిపాటు ఉన్న సీసాలు మా దగ్గరికి వచ్చాయి. తేదీల వరుసలో బల్ల మీద పెట్టాం. డిసెంబర్ నుంచి మార్చి దాకా అడుగున సన్నటి గీత మాత్రమే. మే సీసాలో ఆకుపచ్చ, గోధుమరంగు కలిసిన చిక్కటి మడ్డి. జులై, ఆగస్టు సీసాల్లో హిమానీనదం నుంచి వచ్చిన మట్టి. ఆ మే సీసా ముందు చాలాసేపు నిలబడిపోయాను. అడుగున ఉన్న జీవులకి ఏడాది తిండిలో చాలా భాగం ఆ కొద్ది వారాల్లోనే వచ్చేసింది.

అంటే సీజన్ ఉంది, అదీ చాలా గట్టిగా. కారణం వెలుగు. ఆర్కిటిక్‌లో నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లోని న్యూ ఆలెసుండ్‌లో అక్టోబర్ చివర నుంచి ఫిబ్రవరి మధ్య దాకా సూర్యుడే కనబడడు. ఆ చలికాలం నీటిని కలియబెట్టి నైట్రేట్, సిలికా లాంటి పోషకాల్ని పైకి తెస్తుంది. వెలుగు తిరిగి రాగానే డయాటమ్‌లు (కంటికి కనబడనంత చిన్న శైవలాలు) విరగబడి పెరుగుతాయి, పోషకాలు అయిపోగానే రాలిపోతాయి. అంటార్కిటిక్‌లో నెలలు తారుమారు. చెన్నైలో మార్గళి కచేరీలు నడిచే డిసెంబర్, జనవరిలో అక్కడ జోరు.

కానీ రాలినంత మాత్రాన అడుక్కి చేరదు. ఒంటరి డయాటమ్ రోజుకి ఒక మీటరు దిగుతుందనుకున్నా, 4000 మీటర్లకి పదేళ్లు దాటుతుంది. దారిలోనే బాక్టీరియా తినేస్తుంది. ఇక్కడ నాకు మా అమ్మమ్మ గుర్తొస్తుంది. కోనసీమలో వరదకి ఎర్రనీళ్లు వస్తే చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపేది. కాసేపటికి మట్టి ముద్దలు కట్టి అడుక్కి దిగి, పైన నీరు తేటపడేది. సముద్రంలోనూ అదే పని జరుగుతుంది. డయాటమ్‌లు విడిచే జిగురుకి ఒకటికొకటి అంటుకుని ముద్దలవుతాయి. క్రిల్ రొయ్యలు మేసి వదిలే మలం దారాలైతే రోజుకి వందల మీటర్లు దిగగలవు. మట్టి కలిస్తే ఇంకా వేగం. బంగాళాఖాతంలో మన నదుల మట్టి చేసే సాయమే ఆ ఫ్యోర్డ్‌లో హిమానీనదం మట్టి చేస్తుంది. సముద్రపు మంచులో పుట్టే జిప్సం స్ఫటికాలు కూడా తేలికైన శైవలాలకి బరువు కట్టి లాగుతాయని ఆర్కిటిక్‌లో చూశారు.

2012 వేసవిలో జర్మన్ నౌక పోలార్‌స్టెర్న్ మీద వెళ్లినవాళ్లు మధ్య ఆర్కిటిక్‌లో సుమారు 4000 మీటర్ల లోతున మెలోసిరా ఆర్కిటికా అనే శైవలం కుప్పలుగా పడి ఉండటం చూశారు. అది మంచు అడుగున జడల్లా వేలాడుతూ పెరిగేది. ఆ ఏడాది మంచు బాగా కరిగి ఒక్కసారిగా రాలిపోయింది. సముద్ర దోసకాయలు దాని మీద చేరి మేస్తున్నాయి.

ట్రాప్ చెప్పని సంగతి కూడా ఉంది. సీసాల్లోకి తమంతట తాము ఈదుకుంటూ వచ్చి చచ్చిన జీవుల్ని స్విమ్మర్లు అంటాం. మైక్రోస్కోప్ కింద ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కటే ఏరి తీసేయాలి, ఎందుకంటే అవి రాలినవి కావు. వాటిలో ఎక్కువగా దొరికేది కాలానస్ అనే, రొయ్యల కోవకి చెందిన చిన్న జీవి. ఇది వేసవిలో ఒళ్లంతా కొవ్వు నింపుకుని, తర్వాత వందల మీటర్ల లోతుకి దిగి చలికాలమంతా అక్కడే గడుపుతుంది. అలా అది మోసుకెళ్లే కార్బన్ మన ట్రాప్ లెక్కలోకి రాదు. కాబట్టి ట్రాప్ అంకెల్నే మొత్తం లెక్క అనుకోకండి. ఏరిన వాటిని పారేయకుండా విడిగా లెక్కపెట్టాలని నేను ప్రతిసారీ పట్టుబట్టేవాణ్ణి.

చలికాలంలో అక్కడికి ఓడ వెళ్లడం కష్టం. అందుకే చెన్నై పళ్లికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్ఐఓటీ), గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రం కలిసి 2014 జులైలో స్వాల్‌బార్డ్‌లోని కొంగ్స్‌ఫ్యోర్డ్‌లో దాదాపు 190 మీటర్ల లోతున దింపిన ఇండార్క్ లాంటి, నీటిలోనే ఉండి కొలతలు తీసే పరికరాలు విలువైనవి. నీటి వేడి, ఉప్పదనం ఎప్పుడు మారాయో తెలిస్తేనే సీసాలో రంగు ఎందుకు మారిందో అర్థమవుతుంది.

ఇక మీ రెండో ప్రశ్న. అంటార్కిటిక్ ద్వీపకల్పం పక్కన సముద్రపు అడుగుని చలికాలంలోనూ పరీక్షించారు. వేసవిలో పడిన తిండి ఇంకా బురదలోనే ఉంది. నీరు గడ్డకట్టేంత చల్లగా ఉండటంతో అది కుళ్లడం చాలా నెమ్మది. అడుగున పాకే జీవులు చీకట్లో కూడా ఆ బురద తింటూనే ఉన్నాయి. మన ఊళ్లో పంట నూర్చాక గాదెలో పోసుకున్నట్టే, వాటికి ఆ బురదే గాదె.