హంపికి, లడాఖ్‌కి మొదటి మిర్రర్‌లెస్: 18-135 తీసుకోవాలా, 18-50 తీసుకోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఇన్నాళ్లూ ఫోన్‌తోనే ఫొటోలు తీశారు. అక్టోబరులో ఇద్దరు పిల్లల్ని, అత్తయ్యగారిని, మావయ్యగారిని తీసుకుని హైదరాబాద్ నుంచి హంపి, బాదామి వెళ్తున్నారు. వచ్చే వేసవిలో లడాఖ్. మొదటి మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం లేని, లెన్స్ మార్చుకోగలిగే కెమెరా) కొనాలనుకుని మూడు సెట్ల దగ్గర ఆగిపోయారు: సోనీ ఏ6700కి 18-135 లెన్స్, అదే బాడీకి సిగ్మా 18-50 ఎఫ్2.8, దానికి తోడు సోనీ 70-350. లేదంటే ఫుల్ ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సర్ ఉన్న ఏ7సి2కి టామ్రాన్ 28-200. (18-135 లాంటివి లెన్స్ జూమ్ పరిధి, మిల్లీమీటర్లలో. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ లోపలికి అంత ఎక్కువ వెలుతురు వస్తుంది.)

ముందే చెప్పేస్తాను. ఏ6700, సిగ్మా 18-50 తీసుకోండి. 70-350 ఇప్పుడు కొనొద్దు, లడాఖ్ వెళ్లేముందు అద్దెకు తెచ్చుకోండి. ఎందుకంటే మీరు వెళ్లేవి గుళ్లు, గుహలు. అక్కడ ముందుగా కరువయ్యేది వెలుతురు. దూరం సంగతి ఆ తర్వాతే.

మాది హనుమకొండ. ఇంటికి చుట్టాలెవరొచ్చినా రామప్పకి తీసుకెళ్లాల్సిందే, కెమెరా పని నాదే. కొన్నేళ్లు ఏ6400 మీద 18-135తో తీశాను, ఇప్పుడు ఏ6700 మీద 18-50తో తీస్తున్నాను. అదే గుడి, అవే స్తంభాలు, దాదాపు అవే మొహాలు. కాబట్టి ఈ రెండు లెన్సుల తేడా నాకు బాగా తెలుసు.

రామప్పలో బయట 18-135కి తిరుగులేదు. చూరు కింద నల్లరాతి మదనికలు చాలా ఎత్తులో ఉంటాయి. కింద నిలబడి 135 దాకా జూమ్ చేస్తే నగల చెక్కడం కూడా స్పష్టంగా వస్తుంది. వెనక ఆకాశం తెల్లగా ఉంటుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచుకోవాలి, అంటే వెలుతురు రెట్టింపు చేసుకోవాలి, అంతే. 18-50తో అదే చోట నిలబడితే మదనిక చిన్నగా వస్తుంది, తర్వాత క్రాప్ చేసుకోవాలి.

లోపలికి అడుగుపెట్టగానే కథ మారిపోతుంది. రంగమండపంలో స్తంభాలు అద్దంలా మెరుస్తుంటాయి గానీ రాయి నలుపు, వెలుతురు పక్కల నుంచే వస్తుంది. గైడ్ టార్చి వేసి, స్తంభం మీది చెక్కడంలో దారమంత సన్నటి రంధ్రాలు చూపిస్తాడు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతూ తొంగి చూస్తారు. నాకు కావాల్సిన ఫొటో అదే: టార్చి వెలుగు పడిన రాయి, దానికి జానెడు దూరంలో పిల్ల మొహం. ఎఫ్2.8 దగ్గర, సెకనులో అరవయ్యో వంతు షట్టర్‌తో, ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుకి ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 1600లో ఆ ఫొటో శుభ్రంగా వస్తుంది. ఎఫ్5.6 దగ్గర అదే షట్టర్ కావాలంటే ఐఎస్ఓ 6400కి వెళ్లాలి. రెండు స్టాపులు అంటే నాలుగో వంతు వెలుతురే. ఐఎస్ఓ 6400 ఫొటో పనికిరాదని కాదు. కానీ చర్మం రంగు పలచబడుతుంది, నల్లరాయి మీది సన్నటి గీతలు నాయిస్‌లో, అంటే ఇసక చల్లినట్టు వచ్చే చుక్కల్లో కలిసిపోతాయి.

నిజానికి 18 దగ్గర ఈ రెండు లెన్సులకీ పెద్ద తేడా లేదు. ఒకటి 2.8, ఇంకొకటి 3.5. జూమ్ చేసేకొద్దీ 18-135 లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతూ పోతుంది. 50 దగ్గరికి వచ్చేసరికి తేడా సుమారు ఒకటిన్నర స్టాపు. మనుషుల మొహాలు తీసేది సరిగ్గా ఆ 35-50 మధ్యలోనే. అందుకే ఈ తేడా లెక్కలోకి వస్తుంది.

స్టెబిలైజేషన్ ఉంది కదా, వెలుతురు తక్కువైనా పర్వాలేదు కదా అని చాలామంది అంటారు. సగం నిజం. హంపి విరూపాక్షాలయంలో, వెనకవైపు చీకటి గదిలో, చిన్న రంధ్రం గుండా వచ్చిన వెలుతురు రాజగోపురాన్ని తలకిందులుగా గోడ మీద వేస్తుంది. మీరు తప్పకుండా చూడాలి, పిల్లలకి కెమెరా ఎలా పనిచేస్తుందో చెప్పడానికి అంతకన్నా మంచి చోటు లేదు. అది కదలని బొమ్మ. గోడకు ఆనుకుని, ఊపిరి బిగబట్టి, సెకనులో ఎనిమిదో వంతుతో తీసినా స్టెబిలైజేషన్ కాపాడుతుంది. ఏ లెన్స్ అయినా సరే. కానీ ఆ గోడ ముందు నిలబడిన పిల్లాడు తల తిప్పాడంటే స్టెబిలైజేషన్ ఏమీ చేయలేదు. చేతి వణుకును ఆపుతుంది గానీ ఎదుటివాళ్ల కదలికను ఆపదు.

ఇక్కడే బాడీ సంగతి కూడా. సిగ్మా 18-50లో స్టెబిలైజేషన్ లేదు. ఏ6700 బాడీలోనే ఉంది కాబట్టి ఈ జోడీ కుదిరింది. డబ్బు మిగులుతుందని ఎవరైనా మీకు ఏ6400 అంటగట్టి దాని మీద సిగ్మా పెట్టుకోమంటే ఒప్పుకోకండి. ఏ6400 బాడీలో స్టెబిలైజేషన్ లేదు. దాని మీద 18-135 లాంటి, లెన్స్‌లోనే ఓఎస్ఎస్ (సోనీ లెన్సుల్లోని స్టెబిలైజేషన్) ఉన్నదే నయం. బాడీని, లెన్స్‌ని విడివిడిగా పోల్చుకుంటూ పోతే ఇలాంటివి కంటపడవు, జంటగా చూడాలి.

బాదామిలో నాలుగు గుహలు. మూడోది పెద్దది, క్రీ.శ. 578 నాటి శాసనం ఉన్నది. లోపల పైకప్పు చెక్కడాలు, స్తంభాల మీద దంపతుల శిల్పాలు నీడలో ఉంటాయి, బయట ఎండ మండిపోతుంటుంది. లోపలి నుంచి తీసే ప్రతి ఫొటోలో ఈ రెండూ కొట్టుకుంటాయి. కాబట్టి రా ఫార్మాట్‌లో (సెన్సర్ పట్టిన సమాచారమంతా దాచే ఫైలు) తీయండి, తర్వాత నీడల్ని పైకి లేపుకోవచ్చు. ట్రైపాడ్ మీద ఆశ పెట్టుకోకండి. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కి ముందే అనుమతి తీసుకోవాలి, పెద్దవాళ్లతో పిల్లలతో వెళ్లేటప్పుడు ఆ తిరుగుడు పెట్టుకోలేరు. చేత్తోనే తీయాలి, అందుకే 2.8.

అదే బాదామిలో గుహల మెట్ల మీద నుంచి చూస్తే చెరువుకి అవతల భూతనాథాలయం కనిపిస్తుంది. అక్కడ మాత్రం 18-50 పొట్టిదనిపిస్తుంది. ఏ6700ది 26 మెగాపిక్సెల్ సెన్సర్. 50తో తీసి, 75తో తీసినట్టు కనపడేలా క్రాప్ చేస్తే ఇంకా 11 మెగాపిక్సెల్ పైనే మిగులుతుంది. ఫోన్‌లో చూసుకోవడానికి, ఆల్బమ్ ప్రింటుకి బోలెడు. 100 దాకా లాగితే ఆరు మిగులుతుంది, అది వాట్సాప్‌కి సరిపోతుంది. ఆ పైన ఆశ పడొద్దు.

బరువు లెక్క కూడా వేసుకోవాలి. 18-50 చిన్నది, సుమారు 290 గ్రాములు. 18-135 సుమారు 325. ఏ6700 బాడీ, బ్యాటరీ, కార్డుతో కలిపి 493. అంటే సిగ్మా జోడీ ఎనిమిది వందల గ్రాములు కూడా తూగదు. మెడలో రోజంతా ఉంచుకోవచ్చు. 70-350 ఒక్కటే 625 గ్రాములు. అది సంచిలో చేరితే ఆ సంచి ఎవరు మోస్తారనే ప్రశ్న వస్తుంది. పిల్లల నీళ్ల సీసాలు, అత్తయ్యగారి మందులు, గొడుగు ఎటూ మీ భుజానికే వస్తాయి. హంపిలో మతంగ కొండ ఎక్కి సూర్యోదయం చూద్దామనుకుంటే ఈ లెక్క తప్పకుండా వేసుకోండి.

18-135 ఎవరికి సరైనదంటే, వీడియోలు ఎక్కువగా తీసేవాళ్లకి, స్కూల్ వార్షికోత్సవంలో వెనక వరసలో కూర్చుని స్టేజీ మీది పిల్లని తీయాల్సినవాళ్లకి, లెన్స్ మార్చడమంటే టెన్షన్ పడేవాళ్లకి. ఎండలో అది నిజంగా మంచి లెన్స్, నాకు ఇప్పటికీ దాని మీద ప్రేమే. మీ ప్రయాణాల్లో ఎక్కువ భాగం పాపికొండలు లాంటి పడవ ప్రయాణాలో, ఆటపాక కొంగలో అయితే నా సమాధానం వేరేగా ఉండేది. కొనేముందు ఒక పని చేయండి. మీ ఫోన్‌లో పాత ప్రయాణాల ఫొటోలు తీసి చూడండి. ఎన్నిసార్లు జూమ్ చేశారు, ఎన్నిసార్లు చీకట్లో పిల్లలు చెదిరిపోయి వచ్చారు అని చూస్తే మీకే తెలిసిపోతుంది.

ఇక మూడో సెట్. దీన్ని చాలామంది తేలిగ్గా కొట్టిపారేస్తారు, అది న్యాయం కాదు. సాంకేతికంగా మీరు చెప్పిన మూడింటిలో ఏ7సి2, టామ్రాన్ 28-200 జంటే అన్నిటికన్నా గట్టిది. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ పెద్దది కాబట్టి దాని మీద ఎఫ్4, ఏపీఎస్-సి (ఏ6700లో ఉన్న చిన్న సెన్సర్) మీద ఎఫ్2.8కి దాదాపు సమానంగా పనిచేస్తుంది. ఈ టామ్రాన్ 28 దగ్గర 2.8, 75 దగ్గర 4. అంటే చీకట్లో మీ సిగ్మాకి ఎక్కడా తీసిపోదు, పైగా 200 దాకా వెళ్తుంది, ఒక్క లెన్స్‌తోనే. ఈ లెన్స్‌లోనూ స్టెబిలైజేషన్ లేదు, బాడీలో ఉంది కాబట్టి సరిపోతుంది. బరువు సుమారు 1,090 గ్రాములు. అడ్డం వచ్చేది ధర ఒక్కటే. ఆ తేడా డబ్బు మీకు బరువనిపించకపోతే నిస్సంకోచంగా అదే తీసుకోండి. ఈఎంఐ పెట్టి తీసుకోవాల్సి వస్తే వద్దు, ఆ డబ్బుతో ఇంకో ప్రయాణం చేయొచ్చు.

లడాఖ్ పూర్తిగా వేరే లెక్క. అక్కడ వెలుతురుకి కొదవలేదు, దూరాలే దూరాలు. చాంగ్‌థాంగ్ వైపు కియాంగ్ అనే అడవి గాడిదలు, వేసవిలో నల్లమెడ కొంగలు దగ్గరికి రానివ్వవు, మనం కూడా వాటిని బెదిరించకూడదు. 70-350 ఏపీఎస్-సి మీద ఫుల్ ఫ్రేమ్ లెక్కన 105-525 అవుతుంది, ఓఎస్ఎస్ కూడా ఉంది. వరసలు వరసలుగా ఉన్న కొండల్ని దగ్గరకు లాగి తీస్తే వచ్చే అందం వైడ్ లెన్స్‌లో రాదు. ఆ కొద్దిరోజుల కోసం అద్దె లెన్స్ చాలు, హైదరాబాద్‌లో అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు. గాలికి దుమ్ము లేస్తుంటే బయట లెన్స్ మార్చొద్దు, కారు అద్దాలు ఎత్తుకుని లోపల మార్చండి. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, అదనపు బ్యాటరీ జాకెట్ లోపలి జేబులో ఉంచండి. విమానంలో విడి బ్యాటరీలు చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు, చేతి సంచిలోనే ఉండాలి.

హంపి నుంచి వచ్చాక ఇంకా వెడల్పు కావాలనిపిస్తే సోనీ 10-20 ఎఫ్4 ఉంది, 178 గ్రాములే. ఇరుకు మండపాల్లో అది అద్భుతంగా పనిచేస్తుంది. ముందే కొనాల్సిన పని లేదు.

కానన్ గురించి కూడా అడిగారు. సిగ్మా 18-50 ఎఫ్2.8 కానన్ ఆర్ఎఫ్ మౌంట్‌కి (కానన్ మిర్రర్‌లెస్ కెమెరాలకి లెన్స్ బిగించే అమరిక) 2024లో వచ్చింది. ఆర్10 బాడీలో స్టెబిలైజేషన్ లేదు, ఆర్7లో ఉంది, కాబట్టి పైన ఏ6400 గురించి చెప్పిందే ఇక్కడా వర్తిస్తుంది. ఫ్యూజీలో అయితే ఎక్స్-ఎస్20 మీద ఇదే సిగ్మా పెట్టుకోవచ్చు. రంగులు మీకు నచ్చితే అది కూడా మంచి జోడీయే.

కోఠి గుజరాతీ గల్లీలో కొంటున్నట్టయితే ఇండియా వారంటీ ఉన్న బిల్లే అడగండి, ధర తక్కువని వారంటీ లేని సరుకు తీసుకోకండి. షాపులోనే లెన్స్ పెట్టించి, ఎఫ్2.8 దగ్గర 18లో ఒకటి, 50లో ఒకటి, ఎదురుగా ఉన్న బోర్డును తీసి నాలుగు మూలలూ పెద్దది చేసి చూడండి. ఒక మూల మిగతా మూడింటికన్నా మసకగా ఉంటే ఇంకో పీసు తీయమనండి. 18-50, 18-135 రెండు లెన్సులకీ ఫిల్టర్ సైజు 55 మిల్లీమీటర్లే కాబట్టి ఏది తీసుకున్నా అదే సైజు ఫిల్టర్ సరిపోతుంది. ఇంటికి తెచ్చాక గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి, వానాకాలంలో లెన్స్‌కి ఫంగస్ పడితే శుభ్రం చేయించడానికి బాగా ఖర్చవుతుంది. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు కొంటే ఇంట్లో సాయంత్రం పూట, ట్యూబ్‌లైట్ కింద పిల్లలతోనే సాధన చేసుకోవచ్చు. హంపిలో మెనూ వెతుక్కునే అవసరం రాదు.