కుక్క చీనీ పాదులు తవ్వుతుంటే ముందు గుంతను చూడండి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా నార్పల మండలం. ఇంటి వెనక దొడ్డిలో రెండేళ్ల కిందట నాటిన ఇరవై చీనీ (బత్తాయి) అంట్లు ఉన్నాయి. వాటికి డ్రిప్పు పెట్టాము. మా దగ్గర రెండేళ్ల ఆడ నాటుకుక్క ఉంది. పగలు గొలుసుతో కట్టేసి రాత్రికి వదులుతాము. నెల రోజులుగా పాదులు తవ్వి వేర్లు బయటపెడుతోంది, గోడ వారన కూడా గుంతలు తీస్తోంది. కొట్టినా, కారంపొడి చల్లినా మానలేదు. చెట్లకు ఈ మధ్యనే ఆముదం పిండి వేశాము. ఏం చేయాలో తెలుపగలరు.

జవాబు: మీరు చివర్లో రాసిన ఆముదం పిండి సంగతినే నేను ముందుగా చెప్పవలసి ఉంది. ఆముదం గింజల్లో రిసిన్ అనే విషం ఉంటుంది. గానుగ ఆడినప్పుడు ఆ విషం నూనెలోకి పోకుండా పిండిలోనే మిగిలిపోతుంది. పిండి వాసన కుక్కకు తిండి వాసనగానే తోస్తుంది కాబట్టి, పాదులో వేసి పైన మట్టి కప్పినా తవ్వి తీసి తింటుంది. తిన్న కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల లోపల వాంతులు, కడుపునొప్పి, రక్తంతో కూడిన విరేచనాలు, నిలబడలేనంత నీరసం కనిపిస్తాయి. దీనికి విరుగుడు మందు లేదు. ఎంత త్వరగా సెలైను ఎక్కించి చికిత్స మొదలుపెడితే బతికే అవకాశం అంత ఎక్కువ. అందుచేత ఈ రోజే కుక్కను చెట్ల వైపు పోనీయకుండా ఆపి, పైకి తేలిన పిండిని ఎత్తి మూత ఉన్న డ్రమ్ములో వేయండి. దొడ్డిలో మేకలు, కోళ్లు తిరుగుతుంటే వాటినీ దూరంగా ఉంచండి. పైన చెప్పిన లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా ఇంట్లో ఉప్పునీళ్లు, నూనె తాగించి కాలం వృథా చేయకుండా, దగ్గరలోని పశువైద్యశాలకు తీసుకువెళ్లండి, లేదా పశువుల అంబులెన్సు కోసం 1962 నంబరుకు ఫోను చేయండి. ఇకపై కుక్క తిరిగే దొడ్డిలో ఆముదం పిండికి బదులు వేపపిండి గాని, బాగా చివికిన పశువుల ఎరువు గాని వాడండి. ఎముకల పొడి విషం కాకపోయినా కుక్కను అంతే బలంగా లాగుతుంది కాబట్టి అదీ వద్దు.

పిండి తీసేసిన తర్వాత పాదుల్లో తవ్వడం చాలావరకు తగ్గుతుందని నా నమ్మకం. అయితే గోడ వారన తీస్తున్న గుంతలకు కారణం వేరై ఉండవచ్చు. కుక్క ఊరికే తవ్వదు. ఏ అవసరంతో తవ్విందో గుంత ఆకారం, అది ఉన్న చోటు, తవ్విన వేళ చెబుతాయి. వంగి దగ్గరగా చూడండి.

గుంత లోతు తక్కువగా, కుక్క చుట్ట చుట్టుకుని పడుకునేంత వెడల్పుగా, నీడపట్టున లేదా తడి నేలలో ఉంటే అది ఎండ బాధ తాళలేక తీసుకున్న పడక. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్లలో కొద్దిగా పడుతుంది, మిగిలిన వేడినంతా నాలుక చాచి రొప్పుతూ బయటికి పంపాలి. మన జిల్లాలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున పైమట్టి కాలిపోతున్నా, జానెడు లోతున చల్లగానే ఉంటుంది. పొట్ట ఆ మట్టికి ఆనించి పడుకోవడానికే అది తవ్వుతుంది. డ్రిప్పు చుక్కలు పడే చోటునే ఎంచుకోవడానికీ ఇదే కారణం. వేపచెట్టు కిందనో, బోదగడ్డి కప్పిన పందిరి కిందనో ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా ఎండ తగలని చోటు దానికి చూపించి, నేల మీద తడిపిన గోనెసంచి పరిచి, వెడల్పాటి మట్టి తొట్టిలో రెండు పూటలా నీళ్లు మార్చండి. రేకుల షెడ్డు నీడ కాదు; మధ్యాహ్నం ఆ రేకు కిందనే వేడి ఎక్కువ.

గుంత ఇరుకుగా, లోతుగా, సొరంగంలా ఒక వైపుకే సాగిపోతూ, కుక్క మాటిమాటికీ అందులో ముక్కు పెట్టి బుసకొడుతూ ఉంటే గోడ కింద ఎలుకలో, పందికొక్కులో ఉన్నాయని అర్థం. సాయంత్రం కనిపించిన బొరియలన్నీ మట్టితో మూసి, తెల్లవారి చూడండి. మళ్లీ తెరుచుకున్నవాటిలోనే ఎలుక ఉన్నట్టు. ఇక్కడ జింక్ ఫాస్ఫైడ్ అనే ఎలుకల మందుతో ఎర పెట్టే ఆలోచన దయచేసి మానుకోండి. కుక్క ఆ ఎరను నేరుగా తిన్నా, విషం తిని చచ్చిన ఎలుకను తిన్నా దాని ప్రాణానికే ముప్పు. బోన్లు పెట్టి పట్టండి, ధాన్యం బస్తాలను గోడకు దూరంగా ఎత్తు మీదికి మార్చండి.

మీది ఆడకుక్క కాబట్టి మరొక విషయం. అది చూలుతో ఉంటే, ఈనే ముందు పిల్లలకు గూడు కోసం మూలలు వెతికి తవ్వుతుంది. కుక్క చూలు కాలం సుమారు 63 రోజులు. పొదుగు ఉబ్బినట్టు కనిపిస్తే పాత చీరలు వేసిన ఒక మూలను దానికి వదిలిపెట్టండి. పిల్లలు వద్దనుకుంటే కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స గురించి పశువైద్యుణ్ణి అడగండి.

పగలంతా గొలుసుకు కట్టి ఉంచడం గురించి నా అభిప్రాయం దాచుకోలేను. రెండేళ్ల వయసు కుక్కకు నిండు సత్తువ ఉంటుంది. పన్నెండు గంటలు ఒకే గుంజ చుట్టూ తిరిగిన జంతువు రాత్రి వదలగానే ఆ సత్తువనంతా మట్టి మీదే చూపిస్తుంది. తెల్లవారుజామున ఒకసారి, పొద్దుగూకే వేళ ఒకసారి అరగంట చొప్పున చేను గట్ల వెంట నడిపించండి. దొడ్డిలో ఒక మూల ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గుంత తీసి వంక ఇసుక నింపండి. మొదటి వారం ప్రతిరోజూ అందులో జొన్నరొట్టె ముక్కలు పైపైన దాచండి, తర్వాత కొంచెం లోతుగా దాచండి. ఉడికించిన కోడి ఎముకలు మాత్రం వద్దు, అవి చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. పాదు దగ్గర తవ్వుతూ పట్టుబడిన క్షణంలోనే గట్టిగా ఒక్క పిలుపు పిలిచి, ఇసుక దగ్గరికి తీసుకువెళ్లి, అక్కడ తవ్వితే రొట్టె ముక్క పెట్టండి. ఎప్పుడో తవ్విన గుంతను చూపించి కొడితే, దెబ్బ ఎందుకు పడిందో దానికి తెలియదు, మీరంటే భయం మాత్రం పడుతుంది. కారంపొడి దాని కళ్లకూ ముక్కుకూ మంట పెట్టడమే గాని తవ్వకానికి కారణాన్ని తీసేయదు. దయచేసి అది మళ్లీ చల్లవద్దు.

అలవాటు మారేదాకా చెట్లను కాపాడాలి. తాడిపత్రి వైపు నుంచి వచ్చే నాపబండల ముక్కలు మన దగ్గర సులువుగానే దొరుకుతాయి. మొదలుకు జానెడు ఎడం వదిలి, డ్రిప్పు చుక్క పడే చోటు మూయకుండా, పాదులో వాటిని పరవండి. లేదా కోళ్ల దడికి వాడే ఇనుప వలను రెండంగుళాల మట్టి కింద పరిచి, అంచులను కిందికి వంచండి. గోళ్లకు వల తగిలితే కుక్క ఆ చోటు వదిలేస్తుంది.

ఇప్పటికే బయటపడిన వేర్లను ఎండకు వదలకండి. చీనీకి నీరు, పోషకాలు పీల్చే సన్నవేర్లు పైమట్టిలోనే ఎక్కువ. నలిగిన వేర్లను పదునైన కత్తితో శుభ్రంగా కోసి, అదే రోజు సాయంత్రం మట్టి కప్పి తడి ఇవ్వండి. మట్టి ఎగదోసేటప్పుడు అంటు కట్టిన చోటు పూడిపోకుండా చూసుకోండి. మొదలు బెరడుకు గోళ్ల గాట్లు పడి ఉంటే వాటి గుండా బంక తెగులు శిలీంద్రం ప్రవేశిస్తుంది. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీటితో చేసిన బోర్డో పేస్టును ఆ గాయాలకు పూయండి. అది పూసిన రెండు మూడు రోజులు కుక్క మొదళ్లను నాకకుండా చూడండి.

మట్టిలో తిరిగే కుక్కకు కొంకి పురుగులు పట్టడం మామూలే. వాటి పిల్లపురుగులు తడి మట్టి నుంచి చెప్పులు లేని పిల్లల పాదాల చర్మంలోకి కూడా దూరుతాయి. మూడు నెలలకోసారి కుక్క బరువును బట్టి నట్టల మందు వేయించండి, దాని మలాన్ని రోజూ ఎత్తి దూరంగా పూడ్చండి. ఏటేటా వేయించవలసిన రేబీస్ టీకా ఈ ఏడు వేయించి ఉండకపోతే, ఈ వారమే పశువైద్యశాలకు తీసుకువెళ్లి వేయించండి. మూడు వారాల తర్వాత కూడా తవ్వకం ఆగకపోతే, ఏ చోట, ఏ వేళకు, ఎంత లోతున తవ్విందో నాలుగు రోజులు రాసి ఉంచి మాకు పంపండి.