డెల్ఫ్ట్ నీలి పళ్ళెం కొనేముందు

ప్రశ్న: మా అబ్బాయి నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే నెల మేము చుట్టపుచూపుగా వెళ్తున్నాము. అక్కడి నీలిరంగు పింగాణీ పళ్ళెం ఒకటి తెచ్చుకోవాలని నా కోరిక. కానీ చూపులకు ఒకేలా ఉన్న పళ్ళేనికి పాత ఊళ్ళో ఒక దుకాణంలో 15 యూరోలు, పక్క దుకాణంలో 150 యూరోలు చెబుతున్నారట. అసలైనదాన్ని గుర్తించడం ఎలా? పన్ను వెనక్కి ఇస్తారా?
– ఒక పాఠకురాలు, మచిలీపట్నం

జవాబు: ఆ ఊరికీ మీ బందరుకూ పాత సంబంధమే ఉందమ్మా. 17వ శతాబ్దంలో మీ రేవు నుంచి అద్దకపు బట్టలు కొనుక్కెళ్ళిన డచ్ ఈస్టిండియా కంపెనీకి ఉన్న ఆరు శాఖల్లో ఒకటి డెల్ఫ్ట్‌లోనే ఉండేది. ఔడె డెల్ఫ్ట్ కాలువ ఒడ్డున దాని భవనాన్ని ఇప్పటికీ చూడవచ్చు. ఆ కంపెనీ ఓడలు తెచ్చే చైనా పింగాణీ, అక్కడి అంతర్యుద్ధాల వల్ల ఆ శతాబ్దం మధ్యలో రావడం తగ్గిపోయినప్పుడు, డెల్ఫ్ట్ కుమ్మరులు మామూలు మట్టిపాత్రకు తగరం కలిసిన తెల్లని పూత పూసి, దానిపై నీలిరంగు బొమ్మలు వేసి ఆ లోటు తీర్చారు. కాబట్టి అది నిజానికి పింగాణీ కాదు.

ధరలో తేడా అంతా చేతిపనిది. అడుగున డెల్ఫ్ట్ పేరు రాసి ఉన్నంత మాత్రాన అది చేత్తో చిత్రించినదని గానీ, ఆ ఊళ్ళో తయారైనదని గానీ అనుకోవద్దు. రంగు గాజుపూత కింద ఉంటుంది కనుక వేలితో తడిమితే ఏమీ తెలియదు, కళ్ళతోనే చూడాలి. కుంచె ఆగిన చోట నీలం చిక్కబడి, సాగిన చోట పలచబడుతుంది. అచ్చు బొమ్మను భూతద్దంలో చూస్తే తరచు సన్నని చుక్కలు కనిపిస్తాయి. ఒకే బొమ్మ ఉన్న రెండు పళ్ళేలను పక్కపక్కన పెట్టించుకోండి. గీత గీతా కలిసిపోతే అది అచ్చుదే. 1653లో మొదలై నేటికీ నడుస్తున్న రాయల్ డెల్ఫ్ట్ కార్ఖానా చేతిపని వస్తువులపై కూజా గుర్తుతో పాటు చిత్రకారుల పొడి అక్షరాలు, సంవత్సరాన్ని సూచించే అక్షరాలు ఉంటాయి. వీలైతే అక్కడికి వెళ్ళి పని చూడండి. కోబాల్టు రంగు వేసేటప్పుడు నల్లగా ఉండి, కొలిమిలో కాలాకే నీలమవుతుంది.

గురువారం కొత్త చర్చికీ పురపాలక భవనానికీ నడుమనున్న చౌకులో సంత జరుగుతుంది. ఆ సందడి చూడవలసిందే గానీ, పళ్ళెం బేరానికి తీరికైన రోజు వెళ్ళడం మేలు. సోమవారం ఉదయం చాలా దుకాణాలు మూసి ఉంటాయి. లోపం లేని వస్తువును నచ్చలేదని వెనక్కి ఇస్తే తీసుకోవాలన్న నియమం అక్కడి దుకాణాలకు లేదు కనుక తొందరపడవద్దు.

ధరలో 21 శాతం పన్ను కలిసే ఉంటుంది. ఒకే రసీదుపై కనీసం 50 యూరోల కొనుగోలు ఉంటే, ఐరోపా సమాఖ్య బయట నివసించే మీకు అందులో కొంత తిరిగి వస్తుంది; అక్కడ నివసించే మీ అబ్బాయికి రాదు. కనుక మీ పాస్‌పోర్టు చూపించి, మీ పేరుతోనే పన్ను వాపసు పత్రం రాయించుకోండి. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలోని కస్టమ్స్ వారు వస్తువును చూపమని అడగవచ్చు. వారి ఆమోదం పడేదాకా పళ్ళేన్ని పెద్ద పెట్టెలో సర్దకుండా చేతిసంచిలోనే ఉంచుకోండి.