నడిమి గది చీకటి కాకుండా పెంకుటింటి వెనక వంటగది పెంచుకోవడం

మీ ప్రశ్న చదువుతుంటే మా ఇల్లే కళ్ల ముందుకొచ్చిందండి. మీది విజయనగరం వైపు పల్లెలో మీ తాతగారి పెంకుటిల్లు, రెండు పక్కలా ఉమ్మడి గోడలు, వెనక వసారాలో చీకటి వంటగది. వసారాకీ నడిమి గదికీ మధ్య గోడ మొత్తం తీసేసి, పెరట్లోకి పొడిగించి, వంటా భోజనం ఒకేచోట ఉండేలా వెలుతురుగా కట్టుకోవచ్చా, లేక ఇల్లు పడగొట్టాలా అని అడిగారు. పడగొట్టక్కర్లేదు. రాజాం దగ్గర మా అత్తవారింట్లో 2019లో ఇదే పని చేయించాం. ప్లాను గీయించే ముందు మాత్రం మీ నడిమి గదికి వెలుగు ఎక్కణ్నుంచి వస్తోందో ఒకసారి నిలబడి చూడండి.

వరస ఇళ్లకు వీధి వైపు నుంచీ పెరటి వైపు నుంచీ తప్ప వెలుగు రాదు. మా మేస్త్రి మొదట పాత చూరు కిందనుంచే స్లాబు లాగేద్దామన్నాడు. ఆ మాటలు జరుగుతున్నప్పుడు మా అత్తయ్య పెరటి గుమ్మం దగ్గర చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్నారు. తలెత్తి, "ఈ గుమ్మం ముందర గది కట్టేస్తే నానెక్కడ కూకోనమ్మా?" అన్నారు. నిజమే కదా, ఆ గదికున్న వెలుగంతా ఆ గుమ్మందే. మర్నాడే ప్లాను మార్చాం.

మా ఇంటి వెడల్పు 14 అడుగులు. వసారా తీసేసి, 6 అడుగుల వెడల్పున మాత్రం కొత్త గదికి దారి కప్పాం. మిగిలిన 8 అడుగుల వెడల్పు, 5 అడుగుల పొడవు ఆకాశానికి వదిలేశాం. పైన ఇనుప గ్రిల్, కింద నాపరాళ్లు, వాననీరు పోవడానికి తూము. పెద్ద లోగిళ్లలో మండువా చేసే పని ఇక్కడ ఈ చిన్న జాగా చేస్తోంది. దాని అవతల వంటా భోజనాల గది. ఇప్పుడు నడిమి గదికీ వంటగదికీ రెండింటికీ అక్కణ్నుంచే వెలుగు. నడిమి గది కప్పులో నాలుగు గాజు పెంకులు కూడా వేయించాం. ఖర్చు చాలా తక్కువ, పట్టపగలు లైటు వేసే అవసరం పోయింది. అత్తయ్య చేట ఇప్పుడు ఆ గాజు పెంకుల కిందకి చేరింది.

వసారాకీ నడిమి గదికీ మధ్య గోడ మొత్తం తీయాలన్న ఆలోచన మానుకోండి. పాత ఇళ్లలో దూలాలు గోడల మీదే కూర్చుంటాయి. మా దాంట్లో తాటి దూలం సరిగ్గా ఆ గోడ మీదే ఉంది. అందుకే 5 అడుగుల మేరకే తెరిచాం. ముందు దూలం కింద సరుగుడు బాదులు నిలబెట్టి, లింటెల్ (తెరిచే చోటుకి పైన బరువు మోసే అడ్డ దిమ్మె) ఇటూ అటూ 9 అంగుళాలు గోడ మీద కూర్చునేలా వేసి, అది బాగా గట్టిపడ్డాకే కింది ఇటుక తీశారు. ఆ రెండు వారాలూ ఇంట్లో అందరికీ టెన్షనే. కొత్త గోడ ఇటుకల్ని పాత గోడలోకి గుచ్చి కట్టనివ్వకండి. కొత్త పునాది కొంచెం కుంగుతుంది, అతికి ఉంటే పాత గోడ కూడా చీలుతుంది. మధ్యలో సన్నని సందు వదిలి, సాగే సీలెంట్‌తో నింపితే చాలు.

మాకు దెబ్బ తగిలింది చూరు దగ్గర. దారి మీది స్లాబుకి వాటం, అంటే నీళ్లు పారే వాలు, ఇంటివైపు వచ్చింది, ఎవరూ గమనించలేదు. మొదటి పెద్ద వానకి పెంకుల నీళ్లన్నీ అక్కడ నిలిచి, గోడలోకి దిగి, బియ్యం డబ్బాల వెనక పచ్చగా బూజు పట్టింది. మళ్లీ పైన సిమెంటు వేసి వాటం తూము వైపు తిప్పించి, చూరు కింద రేకు కాలువ పెట్టించాక ఆగింది. స్లాబు గట్టిపడగానే బకెట్ నీళ్లు పోసి ఎటు పారుతున్నాయో చూసుకోండి.

కిటికీలు పెద్దవి ఉత్తరానికి పెట్టండి. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ నెలలు మధ్యాహ్నపు ఎండ దక్షిణం నుంచి వాలుతుంది కాబట్టి ఉత్తరపు వెలుగు చల్లగా ఉంటుంది. పడమటి గోడకి మాత్రం అద్దాలు వద్దు, సాయంత్రం పొయ్యి దగ్గర నిలబడలేరు. వాస్తు ప్రకారం ఆగ్నేయంలో పొయ్యి, తూర్పు ముఖం, రెండూ మాకు ఇబ్బంది లేకుండానే కుదిరాయి.

ఓపెన్ కిచెన్ అంటే పోపు ఘాటు ఇల్లంతా వస్తుందని మా ఆయన భయపడ్డారు. చిమ్నీ పెట్టించాం, పప్పూ కూరలకు అది చాలు. ఎండు చేపలు వేయించడానికీ, పండగ పూట పెద్ద గిన్నెలకీ చాలదు. అందుకే పెరట్లో చిన్న గట్టు కట్టి రెండో పొయ్యి పెట్టుకున్నాం. రోలు కూడా అక్కడే. సిలిండర్ బయట ఉంచి గొట్టంతో గ్యాస్ లోపలికి తెచ్చుకోండి. గ్యాస్ గాలి కంటే బరువు, కారితే నేల మీదే పేరుకుంటుంది కాబట్టి గదిలో గోడ అడుగున కూడా ఒక జాలీ ఉండాలి. గట్టు ఎత్తు రోజూ వండేవాళ్లని నిలబెట్టి కొలవండి, నాకు 32 అంగుళాలు సరిపోయింది. రాయి టెక్కలి నీలం గ్రానైట్ వేయించాను.

పంచాయతీ అనుమతి, పక్కింటివాళ్ల మాట ముందే తీసుకోండి. సంక్రాంతి దాటగానే పని మొదలుపెడితే వానల్లోపు కప్పు పడుతుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు రెండూ అక్టోబరులోనే వచ్చాయి, సగం కప్పుతో ఆ నెలలోకి వెళ్లకండి. మీ పెరడు ఏ దిక్కుకుందో, దూలాలు ఏ గోడ మీద ఉన్నాయో రాస్తే మా ప్లాను కాగితం చూసి కొలతలు చెబుతాను.