బ్యాంకు పేజీని చెవితో చదివేటప్పుడు

నల్లగొండ

బిడ్డా సునీతా,

నెట్ బ్యాంకింగ్ తెరువంగనే, తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఎన్‌వీడీఏ "బటన్, బటన్, గ్రాఫిక్" అంటది తప్ప ఏది దేనికో చెప్తలేదని రాసినవు. పక్కింటి పిల్లగానికి పాస్‌వర్డ్ చెప్పి పని చేయించుకుంటున్ననని కూడ రాసినవు. ముందు అది బందు పెట్టు. పాస్‌వర్డూ ఓటీపీ నువ్వే ఇంకొకరికి చెప్పినవని తేలితే, పోయిన పైసలు నీ నిర్లక్ష్యం కిందనే రాస్తరు.

ఉత్త "బటన్" అనేది నీ కంప్యూటర్ తప్పు కాదు. సైటు కట్టినోళ్లు బొమ్మ పెట్టి, దానికి లోపల పేరు రాయకుండ వదిలేసిన్రు. కళ్లున్నోళ్లకు అది తాళం బొమ్మ, ఎన్‌వీడీఏకు పేరు లేని వస్తువు.

బ్యాంకు సైటు కోసం గూగుల్‌ల వెతకొద్దు, అడ్రసు నువ్వే కొట్టు. పేజీ తెరుచుకున్నంక ఆల్ట్, డి నొక్కి, హోమ్ కొట్టి, కుడి బాణంతోని ఒక్కొక్క అక్షరం విను. బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31 లోపు 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అడ్రసుకు మారాలని రిజర్వ్ బ్యాంక్ గడువు పెట్టింది. మొదట్ల వచ్చే 'https://' పోను, ఆ తర్వాత వచ్చే మొదటి స్లాష్‌కు సరిగ్గ ముందర ఆ మాట ఉండాలె. మధ్యల ఎక్కడో వచ్చి, దాని తర్వాత ఇంకేదో పేరుంటే దొంగ సైటే, మూసెయ్యి.

లోపల టాబ్ ఒక్కదాన్నే నమ్ముకోకు. టాబ్ లింకుల మీద, బటన్ల మీద, పెట్టెల మీద మాత్రమే ఆగుతది, నడుమనున్న రాతంత దాటేస్తది. హెడింగులకు హెచ్, రాసే పెట్టెలకు ఇ, బటన్లకు బి వాడు. మొత్తం జాబితా కావాలంటే ఇన్సర్ట్, ఎఫ్7. పెట్టె మీద ఎంటర్ కొడితే టక్కుమని చప్పుడైతది, ఇగ అక్షరాలు పెట్టెలకు పోతయి. బయటికి రావాలంటే ఎస్కేప్. హెచ్ నొక్కితే హెడింగ్‌కు పోకుండ పెట్టెల 'హెచ్' పడిందంటే నువ్వింకా లోపలనే ఉన్నవన్నట్టు.

పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఎన్‌వీడీఏ "స్టార్, స్టార్" అనాలె. అక్షరాలే పలికితే ఇయర్‌ఫోన్ పెట్టుకో. తెర మీద ఏమీ కనపడకుండ ఇన్సర్ట్, కంట్రోల్, ఎస్కేప్ నొక్కితే స్క్రీన్ కర్టెన్ పడి తెర నల్లగైతది. మొదటిసారి హెచ్చరిక అడుగుతది, ఒప్పుకో. తెర మీది కీబోర్డుతోనే పాస్‌వర్డ్ కొట్టాలనే సైట్లు కొన్నున్నయి. దాన్ని తీసేసే చెక్‌బాక్స్ ఉందేమో ఎక్స్ నొక్కి వెతుకు. లేకుంటే ఆ సైటుతోని కుస్తీ పట్టకు, ఫోన్ యాప్ మేలు.

క్యాప్చా, అంటే నువ్వు మనిషివేనా అని చూసే వంకర అక్షరాల పరీక్ష, దాని దగ్గరనే చానమంది ఆగిపోతరు. 'ఆడియో' అనే బటనో రేడియో బటనో ఉంటే వాడు. గాని ఆ గొంతు, ఎన్‌వీడీఏ గొంతు ఒకదాని మీద ఒకటి పడి ఏదీ సమజ్ గాదు. అందుకే వినేముందు 'ఆఫ్' అనేదాక ఇన్సర్ట్, 2 నొక్కి, కొట్టిన అక్షరం పలికేది ఆపెయ్యి. ఆడియో మొదలుగాంగనే కంట్రోల్ కొడితే ఎన్‌వీడీఏ మాట ఆగుతది. పని కాంగనే ఇన్సర్ట్, 2 మళ్ల నొక్కు, లేకుంటే తర్వాత ఏం కొడ్తున్నవో తెల్వదు. బొమ్మ క్యాప్చానే ఉంటే పక్కనున్నోళ్లను చదవమనొచ్చు, అండ్ల నీ రహస్యమేం లేదు.

సబ్మిట్ కొట్టినంక సప్పుడు లేదంటే పని అయినట్టు కాదు. ఎర్ర రంగుల తప్పు రాసి ఊకుంటయి కొన్ని సైట్లు. ఇన్సర్ట్, కంట్రోల్, ఎఫ్ నొక్కి 'ఇన్‌వాలిడ్' అనో 'ఎర్రర్' అనో ఇంగ్లిష్‌ల వెతుకు. పేజీ సగమే చదివితే ఎఫ్5 మాత్రం కొట్టకు, వెనక్కి పోకు, చానచోట్ల లాగిన్ తెగిపోతది. ఇన్సర్ట్, ఎఫ్5 కొట్టు. అది ఎన్‌వీడీఏ దగ్గరున్న నకలును మాత్రమే కొత్తగ చేస్తది, బ్యాంకుకు ఏం తెల్వదు.

కొత్తోళ్లకు పైసలు పంపేటప్పుడు జర పైలం. బ్యాంకు బ్రాంచిని గుర్తుపట్టే కోడ్ ఐఎఫ్ఎస్‌సీ 11 అక్షరాలు: మొదటి నాలుగు బ్యాంకు, అయిదోది ఎప్పుడూ సున్నా, మిగిలిన ఆరు బ్రాంచి. అయిదో చోట 'ఓ' పడిందేమో బాణంతోని ఒక్కొక్కటి విను. మీ నాయిన పాత పాస్‌బుక్కు మీద ఆంధ్రా బ్యాంకు కోడ్ ఉంటే అది వాడకు. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకుల కలిసింది, కోడ్ మారింది. ఖాతా నుంచి ఖాతాకు పైసలు పంపే నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లకు ఖాతాదారు పేరు ముందే చూపే సౌకర్యం 2025 ఏప్రిల్ 1 లోపు ఇయ్యాలని బ్యాంకులకు ఆదేశముంది. ఆ పేరు వినకుండ కన్ఫర్మ్ కొట్టకు.

ఓటీపీకి టైం తక్కువ. ఒక చెవిన ఫోన్ ఇయర్‌ఫోన్, ఇంకో చెవిన కంప్యూటర్‌ది పెట్టుకొని కూసో. ఫోన్ల తెర చదివే టాక్‌బ్యాక్ ఆరంకెలను లక్షల్లెక్క చదివితే, దాని రీడింగ్ కంట్రోల్‌ను 'క్యారెక్టర్స్' మీదికి మార్చు. స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌ల వద్దు, ఎక్సెల్‌ల తీసుకో. బాణాలతోని గడి గడి నడవొచ్చు.

ఇన్ని చేసినా బటన్ పేరు చెప్పకుంటే బ్యాంకుకు రాయి. 'మీ సైటు మంచిగ లేదు' అంటే ఎవ్వడూ పట్టించుకోడు. ఏ పేజీ, ఏ బ్రౌజర్, ఎన్‌వీడీఏ ఏ వెర్షన్, ఏ కీ నొక్కితే ఏం పలికింది, ఏం పలకాల్సి ఉండె, ఇవి రాయి. కంప్లయింట్ నంబర్ దాచిపెట్టు. 30 రోజుల్ల జవాబు రాకుంటే, బ్యాంకుల మీది ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌ల పంపు, వివరాలకు 14448కి ఫోన్ చెయ్యి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ కేవైసీ (ఖాతాదారు ఎవరో ఆన్‌లైన్‌ల రుజువు చేసుకునుడు) కేసుల, డిజిటల్ సేవలు అందుకునుడు జీవించే హక్కుల భాగమే అన్నది. ఆ తీర్పు తారీఖు కంప్లయింట్‌ల రాయి. చూపు లేనోళ్లకు నెట్ బ్యాంకింగ్ ఇచ్చేది లేదని బ్రాంచిల ఎవరన్నా అంటే, 2008 జూన్ 4 నాటి రిజర్వ్ బ్యాంక్ సర్క్యులర్‌ను యాది చెయ్యి. చెక్‌బుక్కు, ఏటీఎం, నెట్ బ్యాంకింగ్, లాకర్ అన్నీ వివక్ష లేకుండ ఇయ్యాలని అండ్ల అప్పుడే చెప్పిన్రు. నోటిమాట వద్దు, కాదన్నది కాయితం మీద రాసియ్యమను.

మీ పెదనాయిన