రాయిని పగలనీ

నెల్లూరు

అమ్మాయికి ఆశీస్సులు.

కథ అందింది. తాతగారు ఫ్లోరైట్ అనే చారల రాయి ముక్కను కండువాతో తుడిచి కిటికీ వెలుగుకు ఎత్తిపట్టుకునే చోటు బాగుంది. అక్కడే ఇంకాసేపు ఉండాల్సింది. మరుసటి వాక్యంలోనే "ప్రకృతి తన కుంచెతో అద్దిన రంగులు" అన్నావు. కాగితాలు బల్ల మీద పడేసి లేచి వెళ్లిపోయాను. ఊదా, ఆకుపచ్చ చారలు అంత పదునుగా ఎందుకు విడిపోయాయో తెలియనప్పుడే ఈ కుంచెలు గుర్తొస్తాయి.

భూమి లోతుల నుంచి ఫ్లోరిన్‌ను మోసుకొచ్చే వేడినీళ్లు రాతి నెర్రెల్లోకి చేరతాయి. సున్నపురాయి వంటివాటిలోని కాల్షియంతో ఆ ఫ్లోరిన్ కలిసి, ఫ్లోరైట్‌గా పొర మీద పొర పేరుకుంటుంది. ఈలోగా నీటి వేడి మారుతుంది, అందులో కరిగిన సరుకూ మారుతుంది. ఏదో ఒక పొరలో కాల్షియం స్థానంలోకి యిట్రియం, సమేరియం లాంటి లోహం రవ్వంత దూరితే ఆ పొర తీరే వేరు. ఆకుపచ్చకు చాలాసార్లు సమేరియమే కారణం. ఊదా సంగతి ఇంకా విచిత్రం. చుట్టుపక్కల రాళ్లలోని యురేనియం, థోరియం నుంచి వెలువడే రేడియోధార్మికత ఫ్లోరిన్‌ను దాని చోటు నుంచి కదిలిస్తే, ఆ ఖాళీలో ఎలక్ట్రాన్ చిక్కుకుని వెలుగులో కొంత భాగాన్ని మింగేస్తుంది. రాయిని బాగా వేడిచేస్తే ఆ రంగు వెలిసిపోతుంది. ఇక చారలు నిటారుగా కనిపించాలా, మూల తిరగాలా అన్నది సానపట్టేవాడు కోసిన కోణాన్ని బట్టి ఉంటుంది. నీ కథలో ఆయనకు ఒక్క వాక్యమైనా దక్కలేదు!

రాయి గచ్చు మీద పడినా చెక్కుచెదరలేదట, వజ్రంలా ఉందట. రాళ్ల గట్టిదనాన్ని చెప్పే మోస్ కొలతలో వజ్రం 10, ఫ్లోరైట్ 4. చాకుతో గీస్తే గీత పడుతుంది. పైగా నాలుగు దిక్కుల్లో నున్నగా చీలిపోయే గుణం దానిది. ఇంగ్లండ్‌లోని కాసిల్‌టన్‌లో బ్లూ జాన్ అనే చారల ఫ్లోరైట్ దొరుకుతుంది. చెక్కేటప్పుడు విడిపోకుండా దానికి ముందే రెజిన్ అనే జిగురు పట్టిస్తారు. అలాంటిది మీ గచ్చు మీద పడి బతికిందా? పగలనీ. ముక్కలు ఏరుకుంటూ తాత ఏమంటాడు? నీ కథ అక్కడుంది. నువ్వు దాన్ని దాటుకుని పోయావు.

ఆ రాయి సైదాపురం మైకా (అభ్రకం) గనిలో దొరికిందని కూడా రాశావు. మైకా మాట వినిపిస్తే నేను ఆగలేను. వయసులో ఉన్నప్పుడు అక్కడి ఒక షెడ్డులో లెక్కలు రాశాను. ఆడవాళ్లు వరుసగా కూర్చుని చాకు మొనతో రేకులు విడదీసేవారు. సాయంత్రానికి వాళ్ల కనుబొమలు కూడా తళతళలాడేవి. వాళ్ల మీద కథ రాసి ఒక వారపత్రికకు పంపితే, "మైకా ఎవరికి కావాలి? ప్రేమకథ ఉంటే పంపండి" అని సంపాదకుడు కార్డు ముక్క రాశాడు. ఆ తరువాత వచ్చినాయన కొసమెరుపు కావాలన్నాడు. ఇప్పటివాళ్లకు యాస ఉంటే చాలు, మిగతాది ఏమున్నా లేకపోయినా అచ్చేస్తారు. చివరి పేరాలో మెరుపు కోసం ఎన్ని మంచి కథల మెడలు విరిచారో! తాత ప్రాణం ఆ రాతిలో ఉందని చివర్లో తేల్చావు చూడు, అదీ ఆ జబ్బే.

ఇక ఆ రాయి దొరికిన చోటు సంగతి. మన దేశంలో పేరున్న ఫ్లోరైట్ నిక్షేపం గుజరాత్‌లోని అంబాడోంగర్‌లో ఉంది. తాతగారిని లారీ మీద అటు పంపించు, లేదా ఏ ఎగ్జిబిషన్‌లోనో బేరమాడి కొన్నాడని రాసెయ్. బేరం అయితే నాకు ఇంకా ఇష్టం.

కలంపేరు సంగతి తరువాత చూద్దాం. తిరగరాసి పంపు. కాగితానికి ఒకవైపే, పెద్ద అక్షరాలతో. నా శుక్లాల ఆపరేషన్ మళ్లీ వాయిదా పడింది.